స్క్రూ 2 మిల్లీమీటర్లు ఎక్కువైతే: నా డ్రోన్ మోటార్ కాలిపోయిన అనుభవం

నా ఐదంగుళాల డ్రోన్ (ఆ సైజు ప్రొపెల్లర్‌ది) చెట్టు కొమ్మకు తగిలి కింద పడింది. వెనక కుడివైపు ఆర్మ్, అంటే మోటార్‌ని మోసే చెయ్యి, మధ్యకి చీలింది. ప్రొపెల్లర్లు రెండు విరిగాయి. మోటార్లకు మాత్రం ఏమీ కాలేదు, వేలితో తిప్పి చూస్తే నాలుగూ ఒకేలా తిరిగాయి. ఆర్మ్ మార్చడం గంట పని. సాయంత్రం కూర్చుని రాత్రికల్లా బిగించేశాను. మర్నాడు ఉదయం పైకి లేపితే బాగానే నిలబడింది. నలభై సెకన్లు గడిచాయో లేదో, కొత్త ఆర్మ్ మీదున్న మోటార్ గొంతు మారింది. ఒక్కసారి గరగరమని, డ్రోన్ గిర్రున తిరిగి గడ్డిలో పడింది. దగ్గరికి వెళ్లేసరికి మోటార్ లోంచి సన్నటి పొగ వస్తోంది. రాగి తీగ మీది పూత కాలిన వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు.

చెట్టును గుద్దుకున్నా చెక్కుచెదరని మోటార్ నా రిపేర్ వల్ల పోయింది. ఆ విషయం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. అందుకే ఏం తప్పు చేశానో, రెండోసారి ఏమేం చూసుకుని బిగించానో వివరంగా రాస్తున్నాను. ఇంట్లో డ్రోన్ బాగుచేసుకునేవాళ్లలో ఒక్కరి మోటార్ మిగిలినా నాకు సంతోషమే.

ముందు ఆ కాలిన మోటార్ విప్పాను. అది 2207 సైజు బ్రష్‌లెస్ మోటార్. అంటే లోపల తీగ చుట్టిన స్టేటర్ వ్యాసం 22 మి.మీ., ఎత్తు 7 మి.మీ. దాని మీద గంటలా బోర్లించినట్టు ఉండే భాగాన్ని బెల్ అంటారు. అయస్కాంతాలు బెల్ లోపలి గోడకు అతికించి ఉంటాయి. తిరిగేది బెల్, కదలకుండా ఉండేది స్టేటర్. నా మోటార్‌కి అడుగున షాఫ్ట్‌ని పట్టుకుని చిన్న స్క్రూ ఉంది. కొన్ని మోటార్లకు స్క్రూ బదులు సి ఆకారంలో ఉండే క్లిప్ ఉంటుంది, తీసేటప్పుడు అది ఎగిరిపోతుంది, వేలు అడ్డం పెట్టి తీయాలి. స్క్రూ తీశాక బెల్‌ని నిటారుగా పైకి లాగాలి. పక్కకు వంచి లాగితే షాఫ్ట్ మీద, బేరింగ్ మీద బరువు పడుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు కూడా జాగ్రత్తే, అయస్కాంతాలు ఠక్కున లాక్కుంటాయి, వేలి చర్మం మధ్యలో నలుగుతుంది. షాఫ్ట్‌కి ఒక పల్చటి వాషర్ ఉంటుంది. చేపపొలుసంత ఉంటుంది కాబట్టి నూనెకు అంటుకుని ఎక్కడికో పోతుంది. అది లేకుండా బిగిస్తే బెల్ పైకీ కిందికీ ఆడుతుంది. తెల్ల కాగితం పరిచి దాని మీద విప్పితే ఈ గొడవ ఉండదు.

బెల్ పక్కన పెట్టి టార్చ్ వేసి చూశాను. స్టేటర్ చుట్టూ రాగి తీగలు ముదురు ఎరుపు రంగులో నిగనిగలాడుతున్నాయి, ఒక్క మూల మాత్రం నల్లగా బొగ్గులా ఉంది. సరిగ్గా దాని కిందే, అడుగు రేకులోంచి స్క్రూ కొన బయటికి పొడుచుకొచ్చి తీగలను తాకుతోంది. పక్క రంధ్రంలో ఉన్న స్క్రూ కూడా అంతే. దాని పైనున్న తీగ మీద ఆవగింజంత చోట పూత గీరుకుపోయి పచ్చి రాగి మెరుస్తోంది. చూడగానే అర్థమైంది.

పాత ఆర్మ్ చివర కింది వైపు మెత్తటి టీపీయూ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) గార్డ్ ఉండేది, మందం 2 మి.మీ. ఆర్మ్ మందం 5 మి.మీ. నేను వాడిన ఎం3 (3 మి.మీ. వ్యాసం) స్క్రూ పొడవు 10 మి.మీ. గార్డ్‌లో 2, ఆర్మ్‌లో 5 పోగా మోటార్ లోపలికి 3 మి.మీ. వెళ్లేది. అది సరిపోయేది. పడినప్పుడు గార్డ్ చిరిగింది, దాన్ని తీసి పారేశాను. స్క్రూలు మాత్రం పాతవే వేశాను. లోపలికి 5 మి.మీ. వెళ్లాయి. బిగించేటప్పుడు చేతికి ఏ తేడా తెలియలేదు, స్క్రూలు హాయిగా దిగాయి. గట్టిగా ఆగితే అనుమానం వచ్చేదేమో.

మరి పైకి లేపగానే ఎందుకు బయటపడలేదు? తీగ మీద ఎనామెల్ పూత ఉంటుంది. స్క్రూ కొన దాన్ని నొక్కినా వెంటనే తెగదు. మోటార్ తిరిగేటప్పుడు వచ్చే వణుకుకి, వేడికి కొంచెం కొంచెంగా అరుగుతుంది. ఒక్క చోట పూత పోయినా మోటార్ తిరుగుతూనే ఉండొచ్చు. రెండో స్క్రూ దగ్గర వేరే ఫేజ్ (మోటార్‌లో ఉండే మూడు విడి చుట్లలో ఒక్కోటి ఒక ఫేజ్) తీగ మీద కూడా పూత పోయిందంటే, రెండు స్క్రూలూ ఒకే అల్యూమినియం అడుగుకు బిగించి ఉన్నాయి కదా, కరెంట్ వైండింగ్ (చుట్టిన తీగ) అంతా తిరగకుండా అడ్డదారిలో ఆ లోహం గుండా పోతుంది. తర్వాత ఏమవుతుందో నేను గడ్డిలో చూశాను. ఇంకో మాట, ఈ ఆర్మ్‌లు, ఫ్రేమ్ కార్బన్ ఫైబర్‌వి, అది కరెంట్‌ని పోనిస్తుంది. చూడటానికి ప్లాస్టిక్‌లా ఉంటుంది కాబట్టి చాలామంది ఈ సంగతి పట్టించుకోరు. ఒక మోటార్‌లో స్క్రూ తీగకు తగిలి, ఇంకెక్కడో బ్యాటరీ వైరు ఒరుసుకుని ఫ్రేమ్‌కి తగిలితే ఫ్రేమ్ మొత్తం ఒక వైరే.

కొత్త మోటార్ తెచ్చాక, వెంటనే సోల్డర్ చేద్దామని చేయి లాగింది. ఆగాను. పాతది కాలేటప్పుడు ఈఎస్సీని, అంటే మోటార్లకు కరెంట్ ఇచ్చి వేగాన్ని అదుపు చేసే బోర్డుని, కూడా పట్టుకుపోయి ఉండొచ్చు. ఈఎస్సీలో ఆ మోటార్‌ని నడిపే మాస్‌ఫెట్‌లలో (స్విచ్‌లా పనిచేసే చిన్న చిప్‌లు) ఒకటి షార్ట్ అయి ఉంటే కొత్త మోటార్ పెట్టిన మరుక్షణం అదీ పోతుంది. పాత మోటార్ వైర్లు ఊడదీసి, బ్యాటరీ లేకుండా మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, మూడు మోటార్ ప్యాడ్‌ల (వైర్లు సోల్డర్ చేసే చోట్ల) నుంచి బ్యాటరీ ప్లస్‌కి, మైనస్‌కి ఒక్కొక్కటిగా చూశాను. ఎక్కడా మోగలేదు. తర్వాత ఓమ్స్‌లో పెట్టి ఆ అంకెలను బాగున్న మూడు మూలల అంకెలతో పోల్చాను. మీటర్ ఎంత చూపించాలని నన్నడిగితే చెప్పలేను, ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటుంది. కానీ నాలుగు మూలలూ దాదాపు ఒకేలా ఉండాలి. నా బోర్డులో అలాగే ఉన్నాయి. ఆ రోజు నాకు కలిసొచ్చిందంటే అదొక్కటే.

కొత్త మోటార్ కొనేటప్పుడు సైజు, కేవీ రెండూ పాతవే ఉండాలి. కేవీ అంటే లోడ్ లేనప్పుడు ఒక్కో ఓల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. నావి 1750 కేవీ. ఆరు సెల్స్ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయితే 25.2 ఓల్టులు, అంటే లెక్క ప్రకారం నిమిషానికి 44 వేల చుట్లు దాటుతుంది. నాలుగు సెల్స్ బ్యాటరీకి తయారైన 2400 కేవీ మోటార్‌ని దీనికి పెడితే ఎగురుతుంది, కానీ కరెంట్ చాలా లాగి వేడెక్కిపోతుంది. కనెక్టర్ ఒకటే కదా అని నాలుగు సెల్స్ డ్రోన్‌కి ఆరు సెల్స్ బ్యాటరీ పెట్టేసినా ఇదే జరుగుతుంది.

కొత్త మోటార్‌ని పెట్టెలోంచి తీసేముందు టేబుల్ మొత్తం తుడిచాను. ఆర్మ్ అంచులు రెండోసారి ఆకురాయితో నునుపు చేశాను కాబట్టి నల్లటి పొడి అంతటా ఉంది. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్క్ పెట్టుకుని, తడి గుడ్డ కింద పరిచి రుద్దాలి. ఆ పొడి కరెంట్‌ని పోనిస్తుంది కాబట్టి బోర్డు మీద, మోటార్‌లో పడకూడదు. ఇనుప రజను సంగతి ఇంకా ఘోరం. అయస్కాంతాలు దాన్ని ఎక్కడున్నా లాక్కుంటాయి. బెల్‌కీ స్టేటర్‌కీ మధ్య ఉండే సందు గోరు మందం కూడా ఉండదు. అందులో ఒక్క ఇనుప తునక ఇరుక్కుంటే తిరిగిన ప్రతిసారీ గీసుకుంటూ పోతుంది. మిగతా మూడు మోటార్లను కూడా అప్పుడే చూశాను. రెండింటిలో మట్టి, సన్నటి రజను ఉన్నాయి. మెత్తటి బ్రష్‌తో మట్టి దులిపి, అయస్కాంతాలకు పట్టిన రజనును జిగురు పుట్టీతో అద్ది తీశాను. చాలామంది గాలి గన్ పెట్టి ఊదుతారు. ఊదొచ్చు, కానీ బెల్‌ని వేలితో పట్టుకుని ఊదాలి. గాలికి గిర్రున తిరగనిస్తే వినడానికి బాగుంటుంది కానీ అది బేరింగ్‌కి దెబ్బ. తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం అయితే అస్సలు వద్దు, బేరింగ్ లోపలి గ్రీజు కడుక్కుపోతుంది. గరగరలాడే బేరింగ్‌ని మార్చడమే మేలు.

ఇక స్క్రూల సంగతి. ఈసారి ఊహించలేదు, కొలిచాను. కొత్త ఆర్మ్ రంధ్రంలో 8 మి.మీ. స్క్రూ పెట్టి, అవతల ఎంత బయటికి వచ్చిందో వెర్నియర్ కాలిపర్‌తో చూశాను. సరిగ్గా 3 మి.మీ. మోటార్ అడుగు రంధ్రం లోతు కూడా కాలిపర్ వెనక ఉండే సన్నటి కడ్డీతో చూశాను. స్క్రూ కొన రేకు లోపలే ఉండాలి, తీగ వైపు తొంగి చూడకూడదు. నాలుగు స్క్రూలూ ముందు వేళ్లతో తిప్పి ఎక్కించాను. వేళ్లతో ఎక్కనిది వంకరగా పట్టిందన్నమాట, దాన్ని హెక్స్‌తో బలవంతం చేస్తే అల్యూమినియం మర పోతుంది. తర్వాత ఎదురెదురు మూలలు చూసుకుంటూ బిగించాను. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క బొట్టు స్క్రూ మర మీద వేసి, ఎక్కువైంది తుడిచేశాను. దాన్ని మోటార్ రంధ్రంలో పోస్తే పైకి ఎగదన్ని బేరింగ్ వైపు పోయే ప్రమాదం ఉంది.

బిగించాక టార్చ్ వేసి బెల్ కింది సందుల్లోంచి నాలుగు మూలలూ చూశాను. తర్వాత మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఒక ముల్లు స్క్రూ తల మీద, ఇంకో ముల్లు మోటార్ వైరు కొన మీద పెట్టాను. మూడు వైర్లకూ, నాలుగు స్క్రూలకూ చూశాను. మోగకూడదు. మోగితే విప్పాల్సిందే. ఇది రెండు నిమిషాల పని, కాలిన మోటార్ విషయంలో ఇదొక్కటీ చేసి ఉంటే సరిపోయేదని అనలేను, ఎందుకంటే ఆ రాత్రికి పూత ఇంకా పూర్తిగా తెగి ఉండకపోవచ్చు. అందుకే మీటర్‌ని నమ్ముకుని కొలత వదిలేయకూడదు. రెండూ కావాలి.

ఇక్కడ ఒక టెన్షన్ చాలామందికి వస్తుంది. మూడు మోటార్ వైర్లలో ఏ రెండింటి మధ్య పెట్టినా మీటర్ మోగుతుంది. అది షార్ట్ కాదు. వైండింగ్ లోపలి తీగ నిరోధం ఒక్క ఓమ్ కూడా ఉండదు కాబట్టి మోగడమే సహజం. లోపల షార్ట్ ఉందో లేదో చేత్తోనే బాగా తెలుస్తుంది. వైర్లు ఒకదానికొకటి తగలకుండా విడిగా ఉంచి బెల్ తిప్పితే అయస్కాంతాల మెట్లు మెట్లుగా, తేలిగ్గా తిరగాలి. ఏదైనా రెండు వైర్ల కొనలు కలిపి పట్టుకుని తిప్పితే బరువుగా, తేనెలో తిప్పినట్టు ఉంటుంది. మూడు జతలకూ ఆ బరువు ఒకేలా ఉండాలి. వైర్లు విడిగా ఉన్నప్పుడు కూడా బరువుగా తిరిగితే లోపల చుట్లు కాలి కలిసిపోయినట్టే. నా కాలిన మోటార్ అలాగే తిరిగింది. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని తిప్పి చూస్తే ఆ తేడా వేళ్లకు తెలిసిపోతుంది.

సోల్డరింగ్ దగ్గర కూడా మోటార్లు పోతాయి. వెనకటికి ఒకసారి వైర్లు పొడుగున్నాయని కత్తిరించి సోల్డర్ పెడితే తామరాకు మీద నీటిబొట్టులా జారిపోయింది. అప్పటికి నాకు కారణం తెలియదు. కొన్ని మోటార్లలో వైండింగ్ తీగలే స్లీవ్‌లో దూరి బయటికి వస్తాయి. కంపెనీలో కొనల దగ్గర మాత్రమే పూత తీసి సోల్డర్ పట్టిస్తారు. మనం ఆ కొన కత్తిరించగానే మిగిలేది పూత ఉన్న తీగ. దాని మీద సోల్డర్ పట్టినట్టు కనిపించినా కొన్ని పోగులే అంటుకుంటాయి. అలా ఒక ఫేజ్ బలహీనంగా ఉంటే మోటార్ వణుకుతుంది, తిరగలేక ఆగిపోతుంది, ఈఎస్సీ దాన్ని తిప్పడానికి కరెంట్ తోస్తూనే ఉంటుంది. ఈసారి కత్తిరించాక పోగులన్నీ విసనకర్రలా పరిచి, సన్న గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది, ఫ్లక్స్ రాసి, కొన అంతా వెండిలా అయ్యేదాకా సోల్డర్ పట్టించాను. పావుగంట పట్టింది. పట్టనివ్వండి.

ఐరన్ 380 డిగ్రీల దగ్గర పెట్టి, వెడల్పు మొన వాడాను. వేడి తక్కువ పెట్టి ఎక్కువసేపు ఆనించడం కన్నా, తగినంత వేడితో రెండు మూడు సెకన్లలో ముగించడం ప్యాడ్‌కి మంచిది. మొదలుపెట్టేముందు మోటార్లకు కాగితం టేప్ చుట్టాను. సోల్డర్‌ని అయస్కాంతం లాగదు, కానీ ఎగిరిన చిన్న ఉండ సందులో పడితే లాగకపోయినా అక్కడే ఉంటుంది కదా. వైర్లు ఆర్మ్ మీద పడుకునే చోట కార్బన్ అంచు కత్తిలా ఉంటుంది. అక్కడ గుడ్డ టేప్ చుట్టి, మోటార్ దగ్గర వైరును కొంచెం వదులుగా ఉంచాను. బిగుతుగా లాగి కడితే రేపు ఆర్మ్ వంగినప్పుడు వైండింగ్ దగ్గరే తెగుతుంది.

మొదటిసారి బ్యాటరీ పెట్టేటప్పుడు స్మోక్ స్టాపర్ మధ్యలో పెట్టాను. ఎక్కడైనా షార్ట్ ఉంటే కరెంట్ దాటనివ్వకుండా ఆపేస్తుంది, లిపో బ్యాటరీ తన పూర్తి బలం చూపించే అవకాశం ఉండదు. మామూలుగా వచ్చే బీప్‌లు మూడూ వినబడ్డాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అది తీసేసి, ప్రొపెల్లర్లు లేకుండానే, డ్రోన్ సెట్టింగులు మార్చే బెటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో మోటార్ల పేజీ తెరిచి ఒక్కొక్క స్లైడర్ నెమ్మదిగా జరిపాను. ప్రొపెల్లర్లు తీయకుండా ఈ పని చేయొద్దు, వేళ్లు పోతాయి. కొత్త మోటార్ వెనక్కి తిరిగింది. ఏ రెండు వైర్లు మార్చి సోల్డర్ చేసినా దిశ మారుతుంది, కానీ అప్పుడే చల్లారిన ప్యాడ్‌ని మళ్లీ కాల్చడం నాకు ఇష్టం లేక ఈఎస్సీ సెట్టింగ్‌లోనే మార్చాను. నాలుగూ ఒకే గొంతుతో పాడాయి. ప్రొపెల్లర్ లేని మోటార్‌ని సరదాకి పూర్తి వేగంలో ఎక్కువసేపు తిప్పడం నేను మానేశాను. దానివల్ల తెలిసేది ఏమీ లేదు.

ప్రొపెల్లర్ నట్టు బిగించడంలో ఒక మాట. బెల్ తిరిగిపోతుంటే కొందరు కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటారు, కొందరు బెల్ కిటికీల్లో స్క్రూడ్రైవర్ దూర్చి ఆపుతారు. మొదటి దాంతో బెల్ నొక్కుకుపోతుంది, రెండో దాంతో తీగ గీరుకుపోతుంది. బెల్‌ని అరచేత్తో చుట్టి పట్టుకుని 8 మి.మీ. స్పానర్‌తో బిగిస్తే చాలు.

మొదటి హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలబెట్టడం, 30 సెకన్లే. దించి నాలుగు మోటార్లనూ వేలితో తాకాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి, ముందు ఎడమది మాత్రం వేలు పెట్టలేనంత వేడి. గుండె జారింది. కానీ అది నేను విప్పని మోటార్! ప్రొపెల్లర్ తీసి వెలుగులో పెట్టి చూస్తే ఒక రెక్క అంచున సన్నటి గంటు ఉంది. పాత ప్రొపెల్లర్లలో బాగున్నవి రెండు ఉంచేశాను, అందులో ఇదొకటి. బ్యాలెన్స్ లేని ప్రొపెల్లర్ వణుకు పుట్టిస్తుంది, ఆ వణుకును గైరో (కదలికను పసిగట్టే సెన్సర్) చదువుతుంది, డ్రోన్‌కి మెదడు లాంటి ఫ్లైట్ కంట్రోలర్ దాన్ని సరిదిద్దాలని క్షణానికి ఎన్నోసార్లు వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ తంటా అంతా మోటార్‌లో వేడిగా మారుతుంది. ట్యూనింగ్‌లో డి విలువ (ఊగిసలాటను అణిచే సెట్టింగ్) మరీ ఎక్కువ పెట్టినా ఇదే జరుగుతుంది. కొత్త ప్రొపెల్లర్ పెట్టి, మోటార్ పూర్తిగా చల్లారేదాకా ఆగి, మళ్లీ 30 సెకన్లు. ఈసారి నాలుగింటి మీదా వేలు హాయిగా నిలిచింది.

తర్వాత మూడు బ్యాటరీలు ఎగరేశాను. రెండోదాంట్లో గడ్డిలో తిరగబడి పడింది. తిరగబడిన డ్రోన్‌ని మోటార్లతోనే బోర్లించే టర్టిల్ మోడ్‌తో తిప్పేద్దామని స్విచ్ మీదకి వేలు వెళ్లింది. పొడుగు గడ్డి ప్రొపెల్లర్‌కి చుట్టుకుని ఉంటే మోటార్ తిరగలేదు, తోసిన కరెంట్ అంతా తీగనే కాలుస్తుంది. నడిచి వెళ్లి చేత్తో తీశాను. ప్రొపెల్లర్ నట్టు కింద గడ్డిపోచలు బిగుసుకుని ఉన్నాయి.

ఇంటికొచ్చి బ్యాటరీలను నిల్వ ఉంచడానికి సెల్‌కి 3.8 ఓల్టుల దగ్గర పెట్టాక, స్క్రూల డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లూ అన్ని పొడవులూ ఒకే డబ్బాలో కలిసి ఉండేవి. 6, 8, 10 విడదీసి మూడు చిన్న డబ్బాల్లో పోశాను. 10 మి.మీ. డబ్బా మూత మీద మార్కర్‌తో "గార్డ్ ఉంటేనే" అని రాసి, కాలిన స్టేటర్‌ని దాని పక్కనే పెట్టుకున్నాను.